మూడు రెక్కల ఫ్యాను

కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం అర్ధాయువు 5.27 ఏళ్లు. ఐదేళ్ల చిల్లరకోసారి దాని చురుకు సగానికి పడిపోతుందన్నమాట. మన ఆఫీసుల జ్ఞాపకశక్తికి అర్ధాయువు ఎంతో ఇంకా ఎవరూ కొలవలేదు. నా అంచనాలో ఒక బదిలీ, ఒక రిటైర్‌మెంట్. అంతే.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఈ రంగంలో గొప్ప ప్రయోగమే చేసింది. అక్కడి రసాయనశాస్త్ర విభాగంలో కెనడా నుంచి తెప్పించిన గామా సెల్ ఒకటి ఉండేది. మందపాటి సీసం కవచం, లోపల కోబాల్ట్ కడ్డీలు. నమూనాను లోపలికి దించితే గామా కిరణాలు తగులుతాయి, రసాయనంలో ఏం మారిందో చూసుకోవచ్చు. 1985 నుంచి వాడేవాళ్లు లేక అది మూలన పడింది. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో కలిపి వేలం వేసేశారు.

ఇందులో తప్పేముందో నాకు అర్థం కాదు. మన ఆఫీసుల్లో పనికిరానివి వదిలించుకోవడానికి కండెమ్నేషన్ కమిటీ అని ఒకటి ఉంటుంది. కాలు విరిగిన కుర్చీకీ, ఆగిపోయిన గడియారానికీ, ఏమిటో తెలియని డబ్బాకీ ఒకటే ఫారం, అవే మూడు సంతకాలు. దానికి ఆధారం డెడ్ స్టాక్ రిజిస్టర్. అందులోకి ఎక్కాక కూడా ఒక వస్తువు ప్రాణంతో ఉందంటే, అది ఆ వస్తువుకు క్రమశిక్షణ లేకపోవడమే.

ఇది నిజంగానే ప్రాణంతో ఉంది. పాతికేళ్లలో దాని శక్తి సుమారు 27వ వంతుకు తగ్గింది. ఆ మిగిలిన వంతే ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము మార్కెట్‌కు చేరింది. అక్కడి పనివాళ్లు సీసానికి మంచి రేటు వస్తుందని కవచం విప్పారు. లోపల మెరిసే లోహం కనిపించింది. ఒకాయన చిన్న ముక్కను పర్సులో పెట్టుకుని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. నోట్ల పక్కన, ఒంటికి ఆనుకుని. ఎనిమిది మంది ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. వాళ్లలో ఎవరూ ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు.

డబ్బా మీద రేడియేషన్ హెచ్చరిక గుర్తు ఉంటుంది కదా అంటారు కొందరు. ఉంటుంది, పసుపు మీద మూడు రెక్కలు. పాత సామాను కొట్లో దాన్ని చూస్తే ఎవరికైనా ఫ్యాను కంపెనీ ముద్రే గుర్తొస్తుంది. ఈ సంగతి గ్రహించే 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, పుర్రెనూ పారిపోయే మనిషినీ చేర్చి కొత్త హెచ్చరిక గుర్తు తెచ్చింది. చదువు లేనివాడికి కూడా అర్థమవ్వాలని దాని ఉద్దేశం. డాక్టరేట్లు ఉన్నవాళ్లకు అర్థమయ్యే గుర్తు ఇంకా రావాల్సి ఉంది.

భయపడాల్సిన వాటికి మాత్రం మనం శ్రద్ధగా భయపడతాం. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లిపాయలు మొలకెత్తకుండా ఇదే కోబాల్ట్ కిరణాలు తగిలిస్తారు. కిరణం వచ్చి పోతుంది, ఉల్లిలో ఏమీ మిగలదు. అయినా ఆ మాట చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సంచీలోని ఉల్లిపాయల్ని దూరం నుంచి చూడటం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు పాత ఇనప సామానుకు ఉల్లిపాయలు ఇచ్చేవాళ్లు గుర్తున్నారా? ఆ బేరంలో అనుమానించాల్సింది ఉల్లిపాయల్ని కాదని నాకైతే ఈమధ్యే తెలిసింది.

నిన్న మా వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. అటక మీద నుంచి దించిన ఒక ఇనప డబ్బా చూపించాను. అతను తీసుకోలేదు. చుట్టూ తిప్పి చూశాడు, అయస్కాంతం పెట్టి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇది దేనికి వాడేవాళ్లు సార్?" అన్నాడు.

నాకు తెలియదన్నాను. డబ్బా కింద పెట్టేసి, పేపర్లుంటే ఇవ్వమన్నాడు.