గుడి లేకపోయినా నాణెం ఉంటే చాలు

రోమన్ నాణేలు సేకరించేవారిలో ఒక ప్రత్యేక శాఖ ఉంది. వీరికి చక్రవర్తుల మొహాలతో పనిలేదు. నాణెం చేతికి రాగానే నీరో డబ్బా మొహాన్ని, వెస్పాసియన్ బట్టతలను బల్లమీద బోర్లించి, వెనకవైపు గుడి ఉందా లేదా అని చూస్తారు. ఉంటే భూతద్దం తీసి స్తంభాలు లెక్కపెడతారు. నాలుగా, ఆరా, ఎనిమిదా? ఇది తేలేదాకా అన్నం సయించదు. ఇంట్లోవాళ్లు వీరిని చూసి నవ్వుకుంటారట. అది ఘోరమైన అన్యాయమనీ, రాతి గుడికంటే నాణెం మీది గుడే అన్నివిధాలా శ్రేష్ఠమనీ పెద్దలకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

రాతి గుడితో వచ్చిన చిక్కల్లా దాన్ని కట్టాలి. నాణేనికి ఆ బాధ లేదు. రోమ్‌లో కాపిటోలిన్ కొండమీది జూపిటర్ గుడి క్రీ.పూ. 83లో కాలిపోయింది. మళ్లీ ప్రతిష్ఠ జరిగేసరికి క్రీ.పూ. 69 వచ్చింది. ఈలోగా క్రీ.పూ. 78లో మార్కస్ వోల్టేయస్ అనే టంకశాల అధికారి వేయించిన దెనారియస్ అనే వెండి నాణెం మీద మాత్రం అదే గుడి మూసిన తలుపులతో, కప్పు కింద పిడుగు గుర్తుతో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అసలు గుడికి ముందు వరసలో ఆరు స్తంభాలు, నాణెం మీద నాలుగే. తక్కిన రెండూ ఏమయ్యాయని ఎవరూ విచారణ కమిషన్ వేయలేదు. రెండు సెంటీమీటర్లు కూడా లేని స్థలంలో నాలుగు పట్టించడమే గొప్ప.

జూలియస్ సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ ఇంకో అడుగు ముందుకేశాడు. హత్యకు గురైన సీజర్‌ను దేవుణ్ణి చేసి, క్రీ.పూ. 36లోనే ఆయన గుడిని నాణేల మీదకు ఎక్కించాడు. లోపల విగ్రహం, కప్పు కింద నక్షత్రం, దూలం మీద పేరు, అన్నీ సిద్ధం. అసలు గుడి ప్రారంభమైంది క్రీ.పూ. 29లో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అన్నారా! ఆ పెద్దమనిషే అగస్టస్ అయ్యాక, పగతీర్చే యుద్ధదేవుడు మార్స్‌కు ఒక గుండ్రటి గుడిని నాణేల మీద కట్టించాడు. తీరా క్రీ.పూ. 2లో ఆ దేవుడికి ప్రారంభించిన గుడి నలుపలకలుగా, ఎనిమిది స్తంభాలతో వచ్చింది. గుండ్రటిది అసలు కట్టారా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సేకర్తకు ఆ సందేహమే లేదు. అతని గుడి సొరుగులో ఉంది.

నీరో వేయించిన సెస్టెర్షియస్ అనే పెద్ద ఇత్తడి నాణేన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ద్వారాల దేవుడు జానస్ గుడి పక్కనుంచి కనిపిస్తుంది. జాలీ కిటికీ, పేర్చిన రాళ్ల గీతలు, జంట తలుపుల మీద వేలాడే పూలదండ. తలుపులు మూసి ఉంటాయి, ఎందుకంటే యుద్ధాలు లేనప్పుడే వాటిని మూస్తారు. నేలమీదా నీటిమీదా శాంతి నెలకొన్నందున తలుపు మూయించానని చుట్టూ అక్షరాల్లో ప్రకటన. ఈ నాణేలు క్రీ.శ. 65 ప్రాంతానివి. 66లో రోమన్ పాలనలోని యూదుల దేశం యూదయా తిరగబడింది. అచ్చు ఒకసారి చెక్కాక తలుపు తీయడం ఎవరితరం? ఆ గుడి ఆనవాళ్లు నేలలో ఇంతవరకూ దొరకలేదు. కాబట్టి సాక్ష్యం అంటూ మిగిలింది ఆ తలుపు మూయించినవాడి మాటే.

దర్శనం సంగతి చెప్పనే అక్కర్లేదు. గర్భగుడిలో విగ్రహం కనబడాలంటే మధ్య స్తంభాలు అడ్డం. చెక్కేవాళ్లు వాటిని నిర్మొహమాటంగా పక్కలకు జరిపి దేవుణ్ణి ముందుకు తెచ్చేశారు. క్యూ లేదు, సిఫార్సు లేఖ లేదు.

అసలు భక్తి చూడాలంటే ఆసియా మైనర్, అంటే ఇప్పటి టర్కీ, పట్టణాలకు వెళ్లాలి. చక్రవర్తికి గుడి కట్టుకునే అనుమతి దొరికిన ఊరికి నెయోకోరోస్ అని బిరుదు. ఎఫెసస్, స్మిర్నా, పెర్గమాన్ ఈ బిరుదులు పోగేసుకుంటూ, ఎన్ని గుళ్లుంటే అన్నీ ఒకే నాణెం మీద ఇరికించి కొట్టాయి. స్మిర్నా వాళ్లు ఒక తీర్మానంలో ఎఫెసస్ బిరుదులు వదిలేశారని గొడవ మొదలైతే సాక్షాత్తూ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ కూర్చుని ఎఫెసస్ వాళ్లకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. పొరపాటున వదిలేసి ఉంటారనీ, మీరూ వాళ్ల ఊరిని సరిగ్గా పిలిస్తే ఇకమీదట వాళ్లూ మిమ్మల్ని సరిగ్గా పిలుస్తారనీ సర్దిచెప్పాడు. అంత పెద్ద సామ్రాజ్యం, చూసుకోవాల్సిన సరిహద్దులెన్నో! తర్వాత ఎలగబాలస్ చక్రవర్తి కాలంలో ఎఫెసస్ నాలుగు గుళ్ల స్థాయికి ఎదిగింది. 222లో ఆయన్ను చంపేశాక నాలుగో బిరుదు ఊడింది. నాణేల మీది నాలుగో గుడిని మాత్రం ఎవరూ ఊడబెరకలేకపోయారు.

జీర్ణోద్ధరణ కూడా జరుగుతుంటుంది. అరిగిపోయిన సెస్టెర్షియస్ మీద ఎవరో పుణ్యాత్ముడు సన్నటి ఉలితో స్తంభాలు మళ్లీ చెక్కి, పైన చిలుము రంగు పూసి వేలానికి పెడతాడు. సేకర్తలు దీన్ని మోసమంటారు. ఇటలీలోని పడువాలో 16వ శతాబ్దపు చెక్కుడు పనివాడు కవీనో రోమన్ నాణేలను పోలిన నాణేలు మొదటినుంచీ కొత్తగా చేశాడు. వాటిని మాత్రం ఇప్పుడు ముద్దుగా పడువా నాణేలని పిలిచి డబ్బిచ్చి కొంటారు. ఎంత పాతదైతే మోసం అంత కళ.

మన నల్గొండ జిల్లా అక్కెన్‌పల్లిలోనూ రోమన్ వెండి రాశి దొరికింది. సంబరపడకండి. అవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్‌ల దెనారియస్‌లు. వెనకవైపు అగస్టస్ మనవళ్లో, కూర్చున్న ఒక స్త్రీమూర్తో ఉంటారు. సరుకు అమ్ముకున్న మనవాళ్లు వెండి బరువు చూసుకున్నారు గానీ గుడి ఉన్నదే ఇమ్మని అడిగినట్టు లేదు. వ్యాపారానికి మనం పనికొస్తాం, సేకరణకు కాదు.

కొత్తగా ఈ దారి పట్టేవారికి మాక్సెంటియస్ చక్రవర్తి కంచు నాణెంతో మొదలుపెట్టమని నా సలహా. రోమ్‌లో వీనస్, రోమా దేవతల గుడి 307లో కాలిపోతే ఆయన తిరిగి కట్టించాడు, తన నగరాన్ని కాపాడుకున్నవాడినని నాణేల మీద గుడితో సహా వేయించుకున్నాడు. 312లో యుద్ధంలో ఓడి టైబర్ నదిలో మునిగిపోయాడు. ఆయన కట్టడాలను సెనేట్ వెంటనే గెలిచిన కాన్‌స్టాంటైన్ పేరుమీదకు మార్చేసింది. నాణేలు అప్పటికే జనం సంచుల్లోకి వెళ్లిపోయాయి కాబట్టి వాటి మీద మాక్సెంటియస్ పేరే ఉంది. ఇవి బాగానే దొరుకుతాయి. బేరమాడితే ఇంకాస్త తగ్గిస్తారు.