అరటిచెట్టుకు మంకీ క్యాప్

మా మామగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో హిందీ పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో మా పెరటి అరటిచెట్టు ఆయన హిందీ పాండిత్యానికే బలైపోయింది.

లీడ్స్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన ఉంది. అది అరటిచెట్టు పెంచవలసిన చోటు కాదని ఎవరైనా చెప్పగలరు. అంబాజీపేటలో పుట్టి అరటితోటల మధ్య పెరిగిన నాకు మరీ బాగా తెలుసు. కానీ ఇక్కడి దుకాణంలో నాలుగు మడతలు పెట్టి ఫ్రిజ్‌లో దాచిన అరటాకులను బంగారం ధరకు కొని తెచ్చి, సత్యనారాయణ వ్రతం నాడు అతిథులకు వడ్డించగా, మడత దగ్గర చిరిగిన ఆకులోంచి పప్పుచారు నేరుగా ఒక పెద్దాయన ప్యాంటు మీదికి ప్రవహించింది. ఆ రాత్రే చలికి తట్టుకునే అరటి కోసం వెదకడం మొదలుపెట్టి, ‘మూసా బస్జూ’ అనే రకం పిలకను ఒకటి తెప్పించాను. దానిని జపాన్ అరటి అంటారు గాని, పుట్టిల్లు దక్షిణ చైనా. గెల వేసినా కాయల నిండా నల్లని గింజలే ఉంటాయి కనుక అది తినడానికి పనికిరాదు. నాకు కావలసింది ఆకే కాబట్టి ఆ లోపాన్ని పెద్దమనసుతో క్షమించాను.

రెండో వేసవికి అది ఎనిమిది అడుగులు లేచింది. జూలైలో వారానికొక మొవ్వాకు విచ్చుకుంటుంటే కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడి, కోనసీమను యార్క్‌షైర్‌కు తరలించిన ఘనత నాదేనని మురిసిపోయేవాణ్ణి. అయితే విచ్చుకున్న మూడో రోజుకే ప్రతి ఆకునూ గాలి దువ్వెన పళ్ళలా చీల్చేసేది. 17వ శతాబ్దంలో జపానులో ఒక కవికి శిష్యుడు ఇటువంటి అరటి మొక్కనే కానుకగా ఇస్తే, ఆయన దాని పేరునే తన కలంపేరుగా పెట్టుకుని బషో అయ్యాడు. గాలికి చిరిగే ఆ ఆకులంటే ఆయనకు ఎంతో ఇష్టమట. ఆయన ఇంట్లో పులిహోర వడ్డించవలసిన అవసరం వచ్చి ఉండదని నా అనుమానం.

అసలు పరీక్ష చలికాలంలో వచ్చింది. ఈ జాతి దుంప, పైన గడ్డి దట్టంగా కప్పితే మైనస్ 15 డిగ్రీల చలికైనా బతికి మళ్ళీ పిలకలు వేస్తుంది. ఆకులు మాత్రం మొదటి మంచుకే నల్లబడతాయి. బోదె గడ్డకట్టి కుళ్ళిపోతే ఏటా నేలమట్టం నుంచి పెరుగుదల మొదలవుతుంది కనుక, బోదెను కాపాడుకోవాలంటే దానికి గడ్డి చుట్టాలి. నీళ్ళు దిగకుండా పైన ఏదైనా బోర్లించాలి. మొదటి మంచుకు ఆకులు నల్లబడేదాకా ఆగి ఆ పని చేయాలని అనుభవజ్ఞులంతా చెబుతారు. నేను ఆగలేదు. 2025 నవంబరు 2, ఆదివారం నాడు, బయట హాయిగా వెచ్చగా ఉండగానే, ఆకులు నరికేసి, నాలుగడుగుల బోదె చుట్టూ కుందేళ్ళ పరుపు కోసం అమ్మే గోధుమ గడ్డిని పేర్చి తాడుతో బిగించాను. వానకు గడ్డి నానుతుందని నా పాత ఆఫీసు కోటు తొడిగి బొత్తాలు పెట్టాను. పైన ఒక మట్టి కుండీ బోర్లించాను. గాలికి కుండీ పడిపోతుందని దానికి మామగారి పాత మంకీ క్యాప్ తగిలించాను. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, “మీ నాన్న జ్వరంతో పడుకున్నప్పుడు ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా దుప్పటి కప్పావురా?” అని అడిగింది.

నేను మరచిపోయిన సంగతి ఏమిటంటే, నవంబరు 5 రాత్రి ఇంగ్లండంతటా మంటలు వేస్తారు. 1605లో గై ఫాక్స్ అనే వ్యక్తి పార్లమెంటు కింద 36 పీపాల తుపాకిమందుతో పట్టుబడ్డందుకు గుర్తుగా, పాత బట్టల్లో గడ్డి కుక్కిన బొమ్మను ఆ మంటలో కాలుస్తారు. ఆ బొమ్మనే ‘గై’ అంటారు. ఆ ఏడాది అదే రోజు కార్తీక పౌర్ణమి కూడా. మామగారూ అత్తగారూ ఉపవాసంతో ఉన్నారు. నేనూ మా ఆవిడా ఆఫీసుల్లో ఉన్నాం.

మధ్యాహ్నం నాలుగింటికి ఇద్దరు కుర్రవాళ్ళు, వాళ్ళ తండ్రి తోపుడుబండితో వచ్చి, మా పెరట్లోకి చూపిస్తూ, ఆ గైని తీసుకోవచ్చా అని మర్యాదగా అడిగారు. యార్క్‌షైర్ యాసలో సాగిన ఆ మాట మా పండితులవారి చెవికి ‘గాయ్’ అని వినిపించింది. పౌర్ణమి పూట గోవుకు గ్రాసం కోసం మనుషులు గుమ్మంలోకి వచ్చి అడగడం పూర్వజన్మ సుకృతమని ఆయన పొంగిపోయి, “యస్, యస్, టేక్” అన్నారు. గడ్డి మాత్రమే ఇస్తే పుణ్యం సగమే దక్కుతుందనీ, మన వైపు పశువులకు అరటి బోదె కూడా వేస్తారనీ గుర్తొచ్చి, అత్తగారి చేత కత్తి తెప్పించి, రెండు వేట్లలో బోదెను నేలమట్టానికి నరికి, అలంకారంతో సహా బండిలో పెట్టించారు. కోటు విప్పబోతే కుర్రవాళ్ళు వద్దన్నారట.

“ఇక్కడి ఆవులకు కూడా చలి ఎక్కువే కాబోలునండీ,” అన్నారట అత్తగారు.

సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వస్తుండగా, మా వీధి వెనుకనున్న ఖాళీ స్థలంలో పెద్ద మంట, దాని శిఖరాన నా కోటు కనిపించాయి. గడ్డి ఒక్క నిమిషంలో భగ్గుమంది, కోటు దాని వెంటే పోయింది, కుండీ ఫట్టున పగిలి మంకీ క్యాప్ నిప్పుల్లో పడింది. బోదె మాత్రం అంటుకోలేదు. ఒళ్ళంతా నీళ్ళే గదా. చుయ్యిమని ఆవిరి కక్కుతూ, చుట్టూ ఉన్న కట్టెలను తడిపి ఆర్పుతూ నిటారుగా నిలబడింది. ఇంత మొండి గైని ఇన్నేళ్ళలో చూడలేదని పక్కింటి ముసలాయన మెచ్చుకున్నాడు. ఆ పక్కనే మామగారు, అత్తగారు అది జ్వాలాతోరణమని నిశ్చయించుకుని చేతులు జోడించి ప్రదక్షిణ చేస్తున్నారు. వారి వెనుక అరడజను మంది తెల్లపిల్లలు, అది కూడా పండుగలో భాగమే అనుకుని, చేతులు జోడించి నడుస్తున్నారు.

“ఆవు ఏదీ, అల్లుడుగారూ?” అని మామగారు నన్నే అడిగారు.

మర్నాడు నేను బూడిదలోంచి బోదెను వెనక్కి మోసుకొచ్చాను. పైన మసి పట్టిన రెండు పొరలు ఒలిస్తే లోపలి దొప్పలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అత్తగారు వాటిని ఫ్రిజ్‌లో దాచి, పోలి పాడ్యమి తెల్లవారుజామున మా స్నానాల తొట్టిలో దీపాలు వదిలారు. ఆకు కోసం పెంచిన చెట్టు చివరికి దొప్పలకు అక్కరకొచ్చింది. నేలలోని దుంప మీద మూడు బస్తాల గడ్డి కప్పాను. ఈసారి ఏ బట్టలూ తొడగలేదు.

డిసెంబరులో ఆ కుర్రవాళ్ళలో చిన్నవాడు గేటు దగ్గర నిలబడి, వచ్చే ఏడాదికి గైని మళ్ళీ మీరే పెంచుతారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామగారు కిటికీలోంచి, “యస్, యస్,” అన్నారు.