రెజైనాలో నిలవాలంటే ముందు బస్సు రావాలి

కెనడాలో రాష్ట్రాలు తమకు కావాల్సిన వలసదారులను ఎంచి శాశ్వత నివాసానికి (పీఆర్) సిఫారసు చేసే పద్ధతి ఉంది. ఆ ప్రావిన్షియల్ నామినీ కోటాను 2025కి కేంద్రం సగానికి కోసి 55 వేలకు తెచ్చింది. అక్కడి సస్కాచెవాన్ రాష్ట్రంలో వలసదారుల మీద ఎప్పటినుంచో ఒక నింద ఉంది: "మా రాష్ట్రం పేరు చెప్పి పీఆర్ తెచ్చుకుంటారు, కార్డు చేతికి రాగానే టొరంటోకో కాల్గరీకో వెళ్లిపోతారు." వెళ్లే హక్కు వాళ్లకు రాజ్యాంగమే ఇచ్చింది. ఎందుకు వెళ్తున్నారన్నది కదా అడగాల్సింది!

సస్కాచెవాన్ రాజధాని రెజైనా మంచి ఊరు. జనాభా రెండు లక్షల పైచిలుకు. అద్దెలు టొరంటోతో పోలిస్తే చాలా తక్కువ. కానీ జనవరిలో మైనస్ 30లో బియ్యం సంచితో బస్టాపులో నిలబడి చూడండి. కనురెప్పల మీద మంచు పేరుకుంటుంది. బస్సు ఎక్కడుందో చూద్దామంటే చలికి ఫోన్ ఆగిపోతుంది. ఎదురింటి వాకిట్లో కారు ముందు నుంచి ప్లగ్ తీగ వేలాడుతుంటుంది, ఇంజన్ బిగుసుకుపోకుండా రాత్రంతా కరెంటు పెడతారు. ఆ కారు కొనాలంటే కొత్తవాళ్లకు క్రెడిట్ హిస్టరీ ఉండదు, అప్పు దొరికినా వడ్డీ ఎక్కువ. పైగా లైసెన్స్ పరీక్షలు, బీమా.

తంటాలు పడి ఒక కారు కొన్నా అది ఉద్యోగానికి వెళ్లే మనిషితోనే పోతుంది. రెండో మనిషి, మన ఇళ్లలో ఎక్కువగా భార్య, నాలుగైదు నెలలు కిటికీ పక్కనే గడపాలి. ఇంగ్లిష్ క్లాసు, పార్ట్‌టైమ్ పని, గుడి, స్నేహితురాలి ఇల్లు, అన్నీ కారు దూరంలోనే. ఊరు విడిచి వెళ్దామన్న మాట మొదట పుట్టేది ఆ కిటికీ దగ్గరే. దాన్ని కృతఘ్నత అనడం అన్యాయం.

జనం పలచగా ఉన్నచోట బస్సులు నష్టాలే తెస్తాయంటారు. ఆ లెక్కతోనే 253 ఊళ్లను కలిపిన ప్రభుత్వ బస్సు సంస్థ ఎస్టీసీని 2017లో మూసేశారు. మరుసటి ఏడాది ప్రైవేటు బస్సు సంస్థ గ్రేహౌండ్ కూడా ఆ ప్రాంతం వదిలేసింది. టిక్కెట్ల నష్టం లెక్కేశారు సరే, తయారైన నర్సు, వెల్డరు కుటుంబంతో సహా వెళ్లిపోతే ఆ నష్టం ఎవరి ఖాతాలో రాశారు?

మనకిది కొత్త పాఠం కాదు. పల్లెవెలుగు బస్సు వచ్చిన ఊళ్ల నుంచే ఆడపిల్లలు కాలేజీకి వెళ్లారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఇస్తే దండగ అన్నవాళ్లున్నారు. గడప దాటడానికి మొగుడి బండి కోసమో కొడుకు తీరిక కోసమో ఎదురుచూసిన ఆడవాళ్లను అడగాలి అది దండగో కాదో.

సస్కాచెవాన్ కోటా పెంచమని ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వాన్ని అడగనీ, తప్పులేదు. దాంతోపాటు ఎస్టీసీ లాంటి సర్వీసు మళ్లీ నడపాలి. రెజైనాలో ఆదివారం రాత్రి షిఫ్టు దిగే మనిషికీ ఇంటికి బస్సుండాలి.