యుద్ధ స్వరూపం మళ్లీ మారిందట

"యుద్ధ స్వరూపం సమూలంగా మారిపోయింది" అని టీవీలో రక్షణ రంగ నిపుణులు గారు మళ్లీ సెలవిచ్చారు. నేను విన్నంతలో ఈ నెలలో ఇది నాలుగోసారి. ఆయన చేతిలో అదే కర్ర, వెనకాల అదే గోడంత తెర, తెర మీద అవే ఎర్ర బాణాలు, నీలం బాణాలు. టై కూడా మారలేదు. యుద్ధం మాత్రం మారిపోయింది.

ఆయన మీద నాకు కోపం లేదు. నా గొడవంతా ఆ వాక్యంతోనే. తప్పు లెక్క వేసినవాళ్లు క్షమించమని అడగాల్సిన చోట వాడుకునే మాట అది. మా అంచనా తప్పలేదండీ, యుద్ధమే మాకు చెప్పకుండా మారిపోయింది! ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కనీసం ఆ మద్దెల తెచ్చింది తానేనని మరిచిపోలేదు.

2003లో ఇరాక్ మీద మొదటి రోజుల్లో కురిపించే బాంబులకే శత్రువు కళ్లు బైర్లు కమ్మి కాళ్ల మీద పడతాడన్నారు. అప్పటి స్వరూపం అది. మే 1న విమానవాహక నౌక మీద 'మిషన్ అకంప్లిష్డ్' అని బ్యానర్ కట్టి మరీ అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రసంగించారు. అయిపోయిందన్న ఆ పని నుంచి అమెరికా సేనలు బయటపడేసరికి 2011 డిసెంబరు వచ్చింది. 2014లో మళ్లీ వెళ్లాయి.

ఆఫ్ఘానిస్థాన్ వ్యూహమంతా ఒక్క పవర్‌పాయింట్ స్లైడ్‌లో గీసి అక్కడి అమెరికా సేనల అధిపతి జనరల్ మెక్‌క్రిస్టల్‌కి చూపించారు. గీతలు, బాణాలు ఒకదానికొకటి చుట్టుకుని, పిల్లి ఆడుకుని వదిలేసిన దారపుండలా ఉంటుందది. "ఈ స్లైడ్ మనకు అర్థమైన రోజున యుద్ధం గెలిచినట్టే" అన్నాడాయన. పాపం, జోకే వేశాడు. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కింది కాబట్టి ఆఖరిదాకా అది ఎవరికీ అర్థం కాలేదనే అనుకోవాలి. పద్మవ్యూహంలోంచి బయటికొచ్చే దారి తెలియని అభిమన్యుడి కథ ఒక్క రోజులో ముగిసింది. వీళ్లకు 20 ఏళ్లు పట్టింది.

ఇక నాకు బాగా ఇష్టమైన దృశ్యం దగ్గరికి వస్తాను. ఉక్రెయిన్ యుద్ధం, 2024. ఒక పక్క రష్యా ట్యాంకు: 40 టన్నులకు పైగా ఇనుము, పొరలు పొరలుగా కవచం, దశాబ్దాల ఇంజినీర్ల మేధస్సు. ఇంకో పక్క డ్రోను: నాలుగు చిన్న రెక్కలు, ఒక కెమెరా, కింద టేపుతో కట్టిన పేలుడు సామాను. ఖరీదు కొన్ని వందల డాలర్లు. దీన్ని ఎదుర్కోవడానికి ఆ మహా సైన్యం కనిపెట్టిన పరిష్కారం ఏమిటో తెలుసా? రేకుల షెడ్డు.

అక్షరాలా రేకుల షెడ్డే. ట్యాంకు మీద ఇనప రేకులు వేసి, చుట్టూ వెల్డింగ్ చేసి, ముందు మాత్రం కాస్త తెరిచి ఉంచారు. అది కదిలి వస్తుంటే ఎవరిదో గోడౌన్ అలిగి వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. లోపల ఫిరంగి తిప్పుదామంటే షెడ్డు గోడ అడ్డం. కుడి పక్క ఏముందో కనపడదు, ఎడమ పక్క ఏముందో కనపడదు. పక్కనున్న శత్రువును కొట్టాలంటే షెడ్డు షెడ్డంతా తిరగాలి. నవ్వకండి, కొన్నాళ్లు పనిచేసింది కూడా. నెత్తిన డ్రోన్ల సిగ్నళ్లను అడ్డే జామర్లు పెట్టుకుని, ముందు మైన్లు పేల్చే రోలరు తగిలించుకుని, ఈ గోడౌన్లు దాడులకు నాయకత్వం వహించాయి.

అవతలి పక్షం ఉక్రెయిన్ కూడా తక్కువ తినలేదు. డ్రోన్లు దిగకుండా రోడ్లకు రోడ్లనే చేపల వలలతో కప్పేసింది. ఐరోపా మత్స్యకారులు పాత వలలు పంపించారు. ఈలోపు జామర్లకు లొంగకుండా డ్రోనుకు కిలోమీటర్ల పొడవున సన్నటి ఫైబర్ తీగ కట్టి వదలడం మొదలైంది. దారం కట్టి ఎగరేసేదాన్ని మనం గాలిపటం అంటాం. నిపుణులు గారు 'అయిదో తరం యుద్ధం' అన్నారు. రేకులు, వలలు, గాలిపటాలు.

గుండ్ల సంగతీ అంతే. 1915లో ఫిరంగి గుండ్లు చాలక బ్రిటన్‌లో పత్రికలు గగ్గోలు పెడితే ప్రభుత్వమే కదిలిపోయింది. 2024 మార్చి కల్లా ఉక్రెయిన్‌కి 10 లక్షల గుండ్లు ఇస్తామన్న ఐరోపా సమాఖ్య ఆ గడువుకి సుమారు సగమే ఇవ్వగలిగింది. ఎర్రసముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల చవక డ్రోన్ల మీదికి అమెరికా నౌకలు ఒక్కోటి సుమారు 20 లక్షల డాలర్ల క్షిపణులు వదిలాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్లు తిట్టుగా అన్నదాన్ని వీళ్లు గగనతల రక్షణ అంటున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 'కచ్చితమైన దాడి' అనే మాట దగ్గరే నాకు నవ్వు రాదు.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల కారును అమెరికా డ్రోన్లు సుమారు ఎనిమిది గంటలు వెంటాడాయి. ఎనిమిది గంటలు! డబ్బాలు ఎక్కించడం చూసి పేలుడు పదార్థాలన్నారు. ఇంటి ముంగిట్లో కారు ఆగగానే క్షిపణి వదిలారు. పది మంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. ఆ డబ్బాల్లో ఉన్నవి నీళ్లు. కారు నడిపినవాడు ఒక అమెరికా సహాయ సంస్థలో ఉద్యోగి. అప్పటి అమెరికా సేనాధిపతుల మండలి అధ్యక్షుడు జనరల్ మార్క్ మిల్లీ అది న్యాయమైన దాడి అన్నారు. విలేకరులు తవ్వి తీశాక, సెప్టెంబరు 17న అమెరికా సైన్యం విషాదకర పొరపాటు అని ఒప్పుకుంది. డిసెంబరులో ఎవరికీ శిక్ష అక్కర్లేదని తేల్చారు. ఒక్కడికి కూడా! ఎనిమిది గంటలు కళ్లప్పగించి చూసి నీళ్ల డబ్బాకీ బాంబుకీ తేడా తెలియనివాళ్ల చేతిలో క్షిపణి మీట పెట్టి, దానికి మళ్లీ వ్యూహం అని పేరా? సిగ్గుండాలి.

ఏడాదికో కొత్త పదం పుట్టించే ఈ పెద్దమనుషులు ఆ పిల్లల కోసం ఒక్క కొత్త మాటా పుట్టించలేదు. దాడిలో పోయిన అమాయకుల ప్రాణాలకు సైన్యాలు పెట్టిన, వియత్నాం నాటి 'కొల్లేటరల్ డ్యామేజ్' అనే పేరుతోనే సరిపెట్టుకుంటున్నారు. అది మాత్రం పాతబడదు.

సైనిక బడ్జెట్లు చాలడం లేదని కూడా మన నిపుణులు గారు వాపోయారు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాలకు పెట్టిన ఖర్చు 2,71,800 కోట్ల డాలర్లు. చాలదంటే చాలదేమో మరి, రేకుల ధర పెరిగినట్టుంది.

"రాబోయే యుద్ధం ఎలా ఉంటుంది సార్?" అని యాంకరమ్మ అడిగింది. ఆయన కర్ర తీసుకుని తెర వైపు తిరిగారు. ఎర్ర బాణాలు కదిలాయి, నీలం బాణాలు కదిలాయి. తెరంతా వెతికాను, నీళ్ల డబ్బా గుర్తు ఎక్కడా కనపడలేదు.