రొయ్య పెంకుకూ ధర పలకాలి

రొయ్య ధర పడిపోయిందంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు నుంచి కొత్తపట్నం దాకా చెరువు గట్లన్నీ టెన్షన్‌లో పడతాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ చూశాం. కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కతో కట్టే ధర), మేత ఖర్చు, కరెంటు బిల్లు... చర్చంతా వీటి చుట్టూనే. ఒలిచి ఎగుమతి చేసే రొయ్యలో దాదాపు సగం బరువు తలకాయ, పెంకులదే. ఆ సగం మాట మాత్రం చర్చకు రావడం లేదు.

ఆ పెంకులో కైటిన్ ఉంది. ప్రకృతిలో సెల్యులోజ్ తర్వాత అంత విస్తారంగా దొరికే పాలిమర్ (చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడే పదార్థం) ఇదే. 1811లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో దీన్ని మొదట పుట్టగొడుగుల్లో గుర్తించారు. పెంకును పలుచని యాసిడ్‌లో నానబెడితే అందులోని సున్నపు పదార్థం కరిగిపోతుంది. పలుచని కాస్టిక్ సోడా మాంసకృత్తులను తొలగిస్తుంది. మిగిలిన కైటిన్‌ను చిక్కని కాస్టిక్‌లో వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. నీటిలో కరగని ఈ పదార్థం వెనిగర్ లాంటి పలుచని ఆమ్లంలో కరుగుతుంది. ఆ ద్రావణాన్ని పరిచి ఆరబెడితే కవర్ లాంటి పొర వస్తుంది, మట్టిలో పడేస్తే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. రక్తస్రావాన్ని ఆపే గుణమూ దీనికుంది. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో అమెరికా సైనికుల గాయాలకు కైటోసాన్ కట్లు కట్టారు. పండ్లపై పూతగా వేస్తే తేమ త్వరగా పోదు. పొదలకూరు నిమ్మ రైతులకు ఇది పనికొస్తుందేమో ఇక్కడే పరీక్షించి చూడాలి.

అలాగని రేపటి నుంచి క్యారీబ్యాగులన్నీ రొయ్య పెంకుతోనే చేస్తామని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఈ పొర తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, మామూలు ప్లాస్టిక్ కంటే ఖరీదు కూడా. 2022 జులై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని కేంద్రం నిషేధించినా, చవకైన ప్రత్యామ్నాయం లేక బజారులో అవే కనిపిస్తున్నాయి. వైద్యం, పంటల పూతలు, నీటి శుద్ధి వంటి విలువైన వాడకాలతో మొదలుపెట్టడమే తెలివైన దారి.

మా అసలు భయం కాలుష్యం గురించి. పైన చెప్పిన యాసిడ్, కాస్టిక్ నీళ్లు శుద్ధి కాకుండా బకింగ్‌హామ్ కాలువలోకి వదిలితే, ప్లాస్టిక్ బెడద తీరుస్తామంటూ చేపల వేటపై బతికే ఊళ్లకు కొత్త బెడద తెచ్చినట్టే. అందుకే ఎవరికి వారు చిన్న షెడ్లు వేసుకోవడాన్ని అనుమతించకూడదు. శుద్ధి ప్లాంటుతో కలిపి ఒకే ఉమ్మడి యూనిట్ ఉండాలి. యాసిడ్‌కు బదులు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతో పెంకును పులియబెట్టే పద్ధతి కూడా ఉంది. నిదానమైనా నీటికి తక్కువ హాని చేసే ఆ దారినీ పరీక్షించాలి.

పరిజ్ఞానం కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ విద్యలో ఎప్పుడో ఆరితేరింది. మన ముత్తుకూరులోనే మత్స్య కళాశాల ఉంది, కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండింటికీ ప్రభుత్వం నిధులిచ్చి ముందు ఒక లెక్క తేల్చమనాలి: పెంకు కుళ్లకముందే సేకరించి ఆరబెట్టడానికి కిలోకు ఎంత ఖర్చవుతుంది, ఎంత ధర వస్తే ఒలిచే ఆడవాళ్ల కూలీ, రైతు రేటు రెండూ పెరుగుతాయి? ఆ లెక్కను రైతు సంఘాల ముందు పెట్టాకే యూనిట్‌కు స్థలం చూడాలి.