కరెంటు పొదుపు చెయ్యాలి, కానీ మర్యాదగా

వ్యాపార సంస్థల మీద ఒక అపవాదు చాలాకాలంగా ఉంది. సాయంత్రం వేళ గ్రిడ్ మీద భారం పెరిగి కరెంటు పంపేవాళ్లు లబోదిబోమంటుంటే, వీళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదని. ఇది అన్యాయం. పీక్ అవర్ అన్న మాట చెవిన పడగానే ప్రతి సంస్థా తన చేతిలో ఉన్న పని వెంటనే చేస్తోంది. కమిటీ వేస్తోంది.

ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కూడా గమనించాలి. పెద్దలందరికీ వీలయ్యేది సాయంత్రమే కనుక, సరిగ్గా పీక్ అవర్‌లోనే కూర్చుంటుంది. కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ 18 మీద ఉంటుంది. ప్రొజెక్టరు బొమ్మ స్పష్టంగా కనబడాలని కర్టెన్లు మూస్తారు. కర్టెన్లు మూశాక చీకటిగా ఉందని లైట్లు వేస్తారు. లైట్లు వేశాక బొమ్మ కనబడదు గానీ, అప్పటికి బొమ్మతో పని అయిపోయి ఉంటుంది. శత్రువును అతని ఇలాకాలోనే ఎదుర్కోవడమంటే ఇదే.

గ్రిడ్ బాధ ఏమిటో కమిటీకి తెలియక కాదు. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటే ఆ క్షణంలో అంత కరెంటూ తయారవ్వాలి. బ్యాటరీలు, ఎత్తున కట్టిన జలాశయాలు కొంతవరకు ఆదుకుంటాయి. అవీ చాలకపోతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఇన్నిసార్లని ఊగే లయ, జారుతుంది, మరీ జారితే కొన్ని ప్రాంతాలకు సరఫరా దానంతటదే తెగిపోతుంది. ఆ గండం గట్టెక్కడానికే కొన్ని విద్యుత్ ప్లాంట్లను ఏడాదిలో అత్యధిక భాగం ఊరికే కూర్చోబెట్టి, కొద్ది గంటలు మాత్రం పని చేయిస్తారు. ఏడాదంతా కూర్చోబెట్టి పోషించడమనే ఈ ఏర్పాటులో పెద్ద సంస్థలకు ఆశ్చర్యపడాల్సిందేమీ కనబడకపోవడం సహజమే.

ఇక పొదుపు విషయానికొస్తే, మొదటి సూత్రం హోదా. ఏ లోడ్ తగ్గించాలో అది తినే కిలోవాట్లను బట్టి కాదు, దాని వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. మెట్ల దగ్గర ట్యూబులైటు వెనక ఎవరూ లేరు, ఆర్పేయొచ్చు. గుమాస్తా ఫోన్ చార్జరు వెనక గుమాస్తా ఉన్నాడు, పీకేయొచ్చు. సెంట్రల్ ఏసీ చిల్లరు, అంటే భవనం మొత్తానికి చల్లదనం తయారు చేసే యంత్రం, వందల కిలోవాట్లు లాగుతుంది, నిజమే. కానీ దాని చల్లదనం చివరికి చేరేది ఏ అంతస్తుకో, ఆ అంతస్తులో ఎవరు కూర్చుంటారో కమిటీకి తెలుసు. అందుకని చిల్లరు జోలికి పోకుండా, "అవసరం లేని లైట్లు ఆర్పండి" అని ఒక పోస్టరు వేయించి, అందరికీ కనబడేలా దాని వెనక లైటు పెట్టించారు.

ప్రతి కమిటీలోనూ ఒక అపశ్రుతి తప్పదు. అది సాధారణంగా మెయింటెనెన్స్ ఇన్‌చార్జి రూపంలో వస్తుంది. ఈయనకు మీటరు చదవడం వచ్చు. అదే చిక్కు.

"సార్, బిల్లులో యూనిట్ల పద్దు వేరు, మాక్సిమమ్ డిమాండ్ పద్దు వేరు. నెల మొత్తంలో ఏ పావుగంటలోనో, ఏ అరగంటలోనో సగటు లోడ్ అన్నిటికంటే ఎక్కువ ఉంటుందో, ఆ ఒక్కదాని మీద డిమాండ్ చార్జీ కడుతున్నాం."

"అంటే నెలంతా నిష్ఠగా ఉండి ఒక్క అరగంట దారి తప్పితే?"

"నెలంతా తప్పినట్టే సార్."

ఇంత కఠినమైన దేవుణ్ని తాను ఎక్కడా చూడలేదని చైర్మన్ గారు అభిప్రాయపడ్డారు. ఇన్‌చార్జి మాత్రం ఆగలేదు. షిఫ్టు మారగానే ఫర్నేసు, రెండు చిల్లర్లు, మెషీన్లకు గాలిని నొక్కిపెట్టి పంపే కంప్రెసర్లు, నీళ్ల పంపులు అన్నీ ఒకే అరగంటలో పూర్తి లోడ్ అందుకుంటున్నాయనీ, వాటిని వంతులవారీగా నడిపితే ఒక్క మెషీను కూడా మానకుండానే శిఖరం దిగుతుందనీ చెప్పాడు. పైన ట్యాంకు మధ్యాహ్నమే నింపుకోవచ్చు, నీళ్లకు సాయంత్రమే ఎక్కాలన్న పట్టింపు లేదు. ఫోర్క్‌లిఫ్టులను షిఫ్టు దిగుతూ చార్జింగ్‌కు తగిలిస్తున్నారు, అది సరిగ్గా పీక్. ప్లగ్గు దగ్గర ఒక టైమరు పెడితే అర్ధరాత్రి తర్వాత చార్జవుతాయి, పొద్దున్నకు సిద్ధంగా ఉంటాయి.

ఇక్కడ ఒక సీనియర్ సభ్యుడు అడ్డు తగిలాడు. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి అసలు దేన్నీ ఎప్పుడూ ఆపకపోవడమే నిజమైన పొదుపు అన్నది ఆయన సిద్ధాంతం. చాలా సంస్థల్లో రాత్రంతా ఉత్తినే తిరిగే మోటార్లకు ఈ సిద్ధాంతమే ఆధారం. ఆ ఆరేడు రెట్లూ కొద్ది సెకన్ల ముచ్చట, అరగంట సగటు చూసే మీటరులో అది కనబడీ కనబడదు, పదేపదే ఆపి నడిపితే మోటారుకు మంచిది కాదు గానీ గంటల తరబడి ఖాళీగా తిప్పడానికి అది సాకు కాదు అని ఇన్‌చార్జి వివరించాడు. వివరణ సరిగానే ఉంది. వయసు మాత్రం సీనియర్ గారిదే ఎక్కువ. కాబట్టి సిద్ధాంతం నిలిచింది.

తర్వాత ఫ్యాన్ల గొడవ. గాలి పంపే పెద్ద బ్లోయర్లను పూర్తి వేగంతో తిప్పుతూ, గాలి ఎక్కువైందని డ్యాంపరు, అంటే గాలి దారిలోని తలుపు, సగం మూసి నడుపుతున్నారు. యాక్సిలరేటరు అదిమిపట్టి బ్రేకుతో బండి తోలడం లాంటిదన్నమాట. మోటారు వేగాన్ని కావలసినట్టు మార్చే వీఎఫ్‌డీ అనే పరికరం పెట్టి వేగమే 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుందన్నాడు ఇన్‌చార్జి. 20 తగ్గిస్తే 20 తగ్గాలి గానీ సగమెలా తగ్గుతుందని అకౌంట్స్ విభాగం అనుమానించింది. ఫ్యాన్‌కు కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది, 0.8 × 0.8 × 0.8 అంటే 0.512 అని ఆయన బోర్డు మీద వేసి చూపించాడు. ఎజెండాలో గుణకారం లేదన్న కారణంతో దాన్ని తుడిపించారు.

కంప్రెసర్ల సంగతి మరీ సున్నితం. సరిగ్గా చూసుకోని ప్లాంట్లలో కంప్రెసర్ తయారు చేసే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన లెక్క. మెషీన్లు ఆగిన వేళ షెడ్డులో నిలబడితే బుస్సుమని వినబడుతుంది. సబ్బు నీళ్లు పూస్తే చోటు దొరుకుతుంది. దీని మీద సబ్బు ఎవరి బడ్జెట్లోంచి కొనాలన్న చర్చ వాయిదా పడింది.

ఏసీల దగ్గరికొచ్చేసరికి హాల్లో వాతావరణం వేడెక్కింది. పీక్ మొదలవడానికి గంటా రెండు గంటల ముందే భవనాన్ని బాగా చల్లబరిచి, పీక్‌లో రెండు మూడు డిగ్రీలు మెల్లగా పెరగనిస్తే, గోడలూ ఫర్నిచరూ దాచుకున్న చల్లదనంతోనే పొద్దు గడిచిపోతుందని ఇన్‌చార్జి అన్నాడు. కొన్ని పెద్ద భవనాలైతే రాత్రిపూట మంచు గడ్డకట్టించి, మర్నాడు దాన్ని కరిగించి చల్లదనం వాడుకుంటాయి. శీతల గిడ్డంగులు కూడా సరుకు ఓర్చుకునేంత మేర ముందే చల్లబరిచి పెట్టుకుంటాయి. కమిటీ విన్నదంతా విని, "కానీ కోటు వేసుకుని 26 డిగ్రీల్లో ఎలా కూర్చోవడం?" అని నిలదీసింది. కోటు తీసేయొచ్చు కదా అని ఒక కుర్ర ఉద్యోగి అన్నాడట. ఆ కుర్రాడు ఇప్పుడు కమిటీలో లేడు.

జపాన్‌లో 2005లో పర్యావరణ మంత్రిత్వ శాఖే కోట్లు, టైలు విప్పించి ఏసీలను 28 మీద పెట్టమంది. 2011 భూకంపం, సునామీ తర్వాత విద్యుత్ కొరత వచ్చినప్పుడు టోక్యో, తొహోకు ప్రాంతాల్లో పెద్ద వినియోగదారులు పీక్ వాడకాన్ని 15 శాతం తగ్గించి తీరాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. కార్ల కంపెనీలు ఆ వేసవిలో గురు, శుక్రవారాలు సెలవు తీసుకుని శని, ఆదివారాలు ఫ్యాక్టరీలు నడిపాయి. క్యాలెండరునే పక్కకు జరిపారు. మన దగ్గర క్యాలెండరు మీద పొదుపు నినాదం అచ్చు వేయించడం వరకూ వచ్చాం, జరపడం తర్వాతి దశ.

కాలిఫోర్నియాలో జరిగింది అంతకన్నా ఆందోళనకరం. 2022 సెప్టెంబరు 6న అక్కడి గ్రిడ్ వాడకం 52,061 మెగావాట్లతో రికార్డుకెక్కింది. ఆరు కొట్టడానికి కాస్త ముందు ప్రభుత్వం జనం ఫోన్లకు అత్యవసర సందేశం పంపింది, అనవసరమైనవి ఆపమని. అరగంట తిరక్కుండా దాదాపు 2,000 మెగావాట్లు తగ్గింది. కమిటీ లేదు, ఉపసంఘం లేదు, ముసాయిదా లేదు. ఇలాంటి అలవాట్లు ప్రబలితే కమిటీల భవిష్యత్తేమిటి?

పొదుపుకు ప్రోత్సాహకం ఇచ్చే పథకాలూ ఉన్నాయి. రోజూ వాడేదాంతో పోల్చి, గ్రిడ్ వాళ్లు పిలిచిన వేళ ఎంత తగ్గిస్తే అంతకు డబ్బిస్తారు. ఈ విషయంలో మన కమిటీలు పటం కట్టించుకోదగ్గ సంస్థ అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని ఒక కాగితం మిల్లు. ఆ మిల్లుకు సొంత జనరేటరుంది. 2007లో, "రోజూ వాడేది" లెక్కగట్టే రోజుల్లో ఆ జనరేటరును తగ్గించి నడిపి, గ్రిడ్ నుంచి మామూలు కన్నా ఎక్కువ తీసుకుంది. లెక్క ముగిశాక జనరేటరును యథాప్రకారం నడిపి, చూశారా ఎంత తగ్గించామో అంది. ఉన్నచోటే ఉండి కొండ దిగినందుకు బహుమతి. అక్కడి నియంత్రణ సంస్థకు హాస్యప్రియత్వం తక్కువ, 2013లో కోటి డాలర్ల జరిమానాతో ఆ వ్యవహారం ముగిసింది.

అంత తెలివి లేనివాళ్లు డీజిల్ జనరేటరు స్టార్ట్ చేస్తారు. గ్రిడ్ మీటరు దిగుతుంది. వాడకం ఒక్క యూనిట్ కూడా తగ్గదు. పొగ పక్కవాళ్ల కిటికీలోకి, పొదుపు మన వార్షిక నివేదికలోకి వెళ్తాయి.

పీక్ అయిపోగానే ఇంకో ఘట్టం. బిగబట్టుకున్నవన్నీ ఒకే నిమిషంలో ఆన్ చేస్తారు. ఏసీలు 16కి దింపుతారు, 16 నొక్కితే గది తొందరగా చల్లబడుతుందన్న నమ్మకంతో. మామూలు ఏసీకి ఆ సంగతి తెలియదు, అది తన వేగంతోనే చల్లబరుస్తుంది, కాకపోతే అవసరం తీరాక కూడా ఆగకుండా నడుస్తుంది. ఈ దెబ్బకు నెలలో అతిపెద్ద డిమాండ్ పొదుపు ముగిసిన అరగంటలోనే నమోదయ్యే వీలుంది. విడతలవారీగా తిరిగి ఆన్ చేయమని ఇన్‌చార్జి మొత్తుకున్నాడు. విజయోత్సవానికి అన్ని లైట్లూ కావాలన్నారు.

ఆయన చివరి కోరిక ఒక్కటే. చిల్లరుకు, కంప్రెసర్లకు, పై అంతస్తుకు విడివిడిగా మీటర్లు పెట్టించమన్నాడు, ఎక్కడ ఎంత పోతోందో తెలియకుండా దేన్ని తగ్గించాలో ఎలా చెప్పగలమన్నాడు. హాలు చాలాసేపు మౌనంగా ఉంది. ఇంతవరకు ఖర్చు సంస్థది, దానికి పేరు లేదు. మీటరు పెడితే దానికి గది నంబరు వస్తుంది. సాధ్యాసాధ్యాలు కూలంకషంగా చర్చించి, ప్రతిపాదనను సూత్రప్రాయంగా ఆమోదించారు. పైలట్ ప్రాజెక్టుగా గేటు దగ్గర సెక్యూరిటీ గదిలోని టేబుల్ ఫ్యానుకు మీటరు బిగించారు. నెల తిరక్కుండా ఫలితం వచ్చింది, ఫ్యాను తీసేశారు. రెండో విడతలో గేటు లైటు సంగతి చూస్తారట.