బీజ్ రంగు వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బీజ్ రంగు వారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి ఒక పాత కంప్యూటరు యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, నా పాత కంప్యూటరుకు మళ్లీ తమ రంగే వేయిద్దామని, తమ కోసం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల రంగుల దుకాణాలన్నీ తిరిగాను. తమ పేరు చెబితే గుర్తుపట్టినవారు ఒక్కరూ లేరు. మొదటి దుకాణంలో తమరిని బిస్కెట్ కలర్ అన్నారు, రెండో చోట శాండల్ అన్నారు, మూడో చోట కుర్రవాడు నా చేతిలోని ప్లాస్టిక్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రంగు కాదు సార్, మాసిన తెలుపు" అని తేల్చేశాడు. ప్రపంచంలోని ఆఫీసు బల్లలను అన్నేళ్లు ఏలిన తమకు తెలుగులో సొంత పేరైనా లేదని తెలిసి నాకే చిన్నతనం అనిపించింది.

తమ ఏలుబడి సామాన్యమైనదా? 1981లో ఐబీఎం పీసీ మీద కొలువుదీరారు. 1984లో యాపిల్ వారి మొదటి మాకింతోష్ కంప్యూటరుకు, రంగులకు అంకెలిచ్చే పాంటోన్ పట్టికలోని 453 అనే అంకె తగిలించుకుని వేంచేశారు. ఆ యాపిల్ వారే 1987 నాటికి ప్లాటినం అనే బూడిద ఛాయకు మారిపోయినా, 1998లో నీలి ఐమ్యాక్ వచ్చేదాకా తమ గద్దె కదలలేదు. ఎవరికీ నచ్చకపోయినా ఫరవాలేదు, ఎవరికీ నొచ్చకుంటే చాలు అనే ఒకే ఒక్క అర్హతతో ఇంత పదవి సంపాదించినవారిని రాజకీయాల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

అయితే తమరు ఒక్కరా, పలువురా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. 1997లో అసెంబుల్ చేయించిన నా కంప్యూటరు క్యాబినెట్‌కు (అంటే లోపలి సరంజామా దాచే పెట్టెకు) రేకు తొడుగు మీద ఒక తమరు, ముందుండే ప్లాస్టిక్ పలక మీద ఇంకొక తమరు, ఫ్లాపీ డ్రైవు మూతి మీద మరొక తమరు ఉన్నారు. కొత్తలోనే ముగ్గురికీ పొత్తు కుదరలేదు. ఆపైన ఎండ సంగతి. అరసవల్లిలో సూర్యకిరణాలు ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ మాత్రమే స్వామి పాదాలను తాకుతాయి గానీ, మా కిటికీలోంచి అవి ఏడాది పొడవునా క్యాబినెట్ ఎడమ చెంపనే సేవించాయి. ముందు పలక పోతపోసిన ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్‌లోని బ్యూటడైన్ అనే పదార్థం వెలుగుకూ గాలికీ ఆక్సీకరణ చెంది, ఆ చెంప మాగిన పనసతొన రంగుకు తిరిగింది. హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడితే తెలుపు తేలింది నిజమే, కాని అది బొల్లి మచ్చల్లా తేలింది. రంగు వేయడం తప్ప దారి లేకపోయింది.

ముందుగా జిడ్డు వదిలిద్దామని థిన్నరుతో తుడిచాను. ఏబీఎస్‌ను థిన్నరు కరిగిస్తుందని, గుడ్డ పలకకు అతుక్కుని నా వేలిముద్ర దాని మీద శాశ్వతంగా పడ్డాక తెలిసింది. లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ఆ గుంటను పూడ్చాను. తరవాత షేడ్ కార్డుల పని పట్టాను. దుకాణంలో ట్యూబులైటు కింద అచ్చుగుద్దినట్టు కలిసిన మూడు ఛాయల్లో ఒకటి వీధిలోకి రాగానే గులాబీకి తిరిగింది, ఒకటి పచ్చిమామిడి వైపు జారింది, మూడోది ఇంటి దీపం కింద గంధమైంది. దీపం మారితే మాట మార్చే స్వభావం తమకు పుట్టుకతోనే వచ్చింది కాబోలు.

చివరికి తమ అసలు రూపం కంపెనీ పేరున్న చీటీ కింద దొరికింది. దానిని నెమ్మదిగా ఒలిస్తే, ఎండపొడ ఎరుగని తపాలా బిళ్లంత చదరంలో 1997 నాటి తమరు దర్శనమిచ్చారు. రంగు కలిపే యంత్రానికి అంత చిన్న ముక్క ఆనలేదు. అప్పుడు కార్లకు రంగులేసే షెడ్డులోని పెద్దాయన ఆ పలకను తీసుకుని, తెలుపులో పసుపు, చారెడు నలుపు కాదు, చుక్క నలుపు, అగ్గిపుల్ల మొనతో ఎరుపు కలిపారు. ఆ అగ్గిపుల్లతోనే చదరం అంచున చిన్న బొట్టు పెట్టి, ఉఫ్‌మని ఊది, ఆరేదాకా బీడీ కాల్చుకుని, మళ్లీ ఎండలోకి పట్టి చూశారు. నాలుగోసారికి బొట్టు కనబడకుండా పోయింది. ప్లాస్టిక్ మీది నూగు పూడిపోకూడదని పలుచగా మూడు కోటింగులు కొట్టారు. వానముసురులో కొడితే పైపూత పాలిపోతుందని మరో రెండు రోజులు ఆగమన్నది కూడా ఆయనే.

క్యాబినెట్ ఇప్పుడు పెళ్లిపీటల మీది వరుడిలా ఉంది. పక్కనే కీబోర్డు పెట్టాను. దాని మీటలు పీబీటీ అనే వేరే రకం ప్లాస్టిక్‌వి, అవి చెక్కుచెదరలేదు. స్పేస్‌బార్ మాత్రం ఏబీఎస్ తాలూకుది, పనసతొన.

షెడ్డు పెద్దాయన డబ్బా అడుగున మిగిలిన రంగు గట్టిపడిపోయిందట. తమ ఆజ్ఞ ఏమిటో సెలవివ్వగలరు.

ఇట్లు,
చేతిగోళ్లలో ఇంకా తమరిని మోస్తున్న
తమ విధేయుడు